సీనియర్ ఇచ్చిన సెట్టింగులతో ఈమ్యాక్స్ రాదు

పక్కవాడి ల్యాబ్ రికార్డు చూసి దింపేసి సంతకం పెట్టించుకోవచ్చు. వైవాలో మాత్రం దొరికిపోతాం. నెల్లూరు, కావలి, ఒంగోలు హాస్టళ్లలో ఈ సంగతి తెలియని ఇంజినీరింగ్ విద్యార్థి ఉండడు. అయినా ఈమ్యాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్ నేర్చుకుందామనుకున్నవాడు ముందుగా చేసేది అదే. ఎవరో ఏళ్ల తరబడి తన అలవాట్లకు తగ్గట్టు కుదుర్చుకున్న సెట్టింగుల ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లో తెచ్చి దించుకుంటాడు. లేదంటే డూమ్, స్పేస్‌మ్యాక్స్ లాంటి రెడీమేడ్ కూర్పును మొబైల్ హాట్‌స్పాట్ మీద డౌన్‌లోడ్ చేస్తాడు. మొదటి రోజు రంగులు, మెనూలు చూసి ముచ్చటపడతాడు. ఏదో ఒక ప్యాకేజీ అప్‌డేట్ అయి తెర నిండా హెచ్చరికలు వచ్చిన రోజు వైవా మొదలవుతుంది. ఏ లైను ఎందుకుందో తెలియదు కాబట్టి ఏది తీసేయాలో కూడా తెలియదు.

ఈ తంటాకు మూలం ఈమ్యాక్స్ కట్టుబడిలోనే ఉంది. 1976లో ఎంఐటీ కృత్రిమ మేధ ల్యాబ్‌లో టెకో అనే పాత ఎడిటర్‌కు రాసుకున్న మాక్రోల (కొన్ని ఆదేశాలను కలిపి ఒక్కసారే నడిపే చిట్టి ప్రోగ్రాముల) మూటగా అది పుట్టింది. ఇప్పుడు మనం వాడే గ్నూ ఈమ్యాక్స్‌ను రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో విడుదల చేశారు. అడుగున కొంత సీ భాష, పైనంతా లిస్ప్ అనే మరో ప్రోగ్రామింగ్ భాష. ఏ కీ నొక్కినా ఒక ఫంక్షన్ నడుస్తుంది, మామూలు అక్షరం కొట్టినా సరే. అందుకే ఇందులో సెట్టింగంటే టిక్కు పెట్టే గడి కాదు, ప్రోగ్రాములో ఒక లైను. అర్థం కాని ప్రోగ్రామును కాపీ కొడితే ఏమవుతుందో కాలేజీలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

మొదటి వారం ఏ సెట్టింగూ వద్దు. కంట్రోల్-హెచ్ నొక్కి టీ కొడితే పాఠం తెరుచుకుంటుంది. గంటలో అయిపోతుంది. అందులోవన్నీ గుర్తుండకపోయినా ఫరవాలేదు, ఎక్కడైనా ఇరుక్కుంటే కంట్రోల్-జీ కొట్టి బయటపడటం చేతికి అలవాటైతే చాలు. ఆ తర్వాత నేర్వాల్సింది కీల జాబితా కాదు, ఎడిటర్‌నే అడగడం. కంట్రోల్-హెచ్ తర్వాత కే కొట్టి ఏ కీ నొక్కినా అది నడిపే ఫంక్షన్ పేరు, వివరం వస్తాయి. ఎఫ్ కొడితే ఫంక్షన్ గురించి, వీ కొడితే సెట్టింగు గురించి, దాని ప్రస్తుత విలువతో సహా చెబుతుంది. ఈ మూడూ వచ్చినవాడికి సీనియర్ అవసరం సగం తీరిపోయినట్టే. కొన్ని టెర్మినళ్లలో బ్యాక్‌స్పేస్ కొడితే తుడవడానికి బదులు ఈ సహాయమే తెరుచుకుంటుంది. టెర్మినల్ ఆ కీకి కంట్రోల్-హెచ్ సంకేతం పంపడమే కారణం, ఈమ్యాక్స్ పాడైందని కాదు. ఇంకో మాట. చిటికెన వేలు నొప్పి పుట్టకముందే క్యాప్స్‌లాక్‌ను కంట్రోల్‌గా మార్చుకోవాలి. ఇది ఆపరేటింగ్ సిస్టమ్‌లో చేసే మార్పు.

రెండో వారంలో ఇనిట్ ఫైలు, అంటే ఈమ్యాక్స్ తెరుచుకోగానే చదివే సెట్టింగుల ఫైలు, మొదలుపెట్టొచ్చు. 'రాశాను, పనిచేయడం లేదు' అనే మాట ఎక్కువగా వినిపించేది ఇక్కడే, తప్పు చాలాసార్లు రాసిన దాంట్లో ఉండదు, రాసిన చోట ఉంటుంది. హోమ్ ఫోల్డరులో చుక్కతో మొదలయ్యే ఈమ్యాక్స్ అనే ఫైలు ఒకటి ఉందంటే, ఈమ్యాక్స్-డాట్-డి ఫోల్డరులోని ఇనిట్ ఫైలును ఈమ్యాక్స్ చదవనే చదవదు. విండోస్‌లో మరో చిక్కు: యూజర్ ఫోల్డరులో రాసి ఊరుకుంటాం, ఈమ్యాక్స్ మామూలుగా యాప్‌డేటా కింద రోమింగ్‌లో వెతుకుతుంది. కంట్రోల్-హెచ్, వీ కొట్టి యూజర్-ఇనిట్-ఫైల్ అని అడిగితే నిజంగా చదివిన ఫైలు దారి చూపిస్తుంది.

లైను రాయగానే ఈమ్యాక్స్ మూసి తెరవక్కర్లేదు. ముగింపు బ్రాకెట్ తర్వాత కర్సర్ పెట్టి కంట్రోల్-ఎక్స్, కంట్రోల్-ఈ కొడితే ఆ ఒక్క లైనే నడిచి ఫలితం అడుగున కనిపిస్తుంది. బాగుంటే ఉంచుకోవాలి, లేకుంటే తుడిచేయాలి. ఒక బ్రాకెట్ మరిచిపోతే తెరిచేటప్పుడు 'ఎండ్ ఆఫ్ ఫైల్ డ్యూరింగ్ పార్సింగ్' అంటుంది. ఆ తప్పుకు పైనున్నవి పనిచేస్తాయి, కిందివి పనిచేయవు. కొత్తవాణ్ణి తికమక పెట్టేది ఈ సగం సగమే. ఆల్ట్-ఎక్స్ కొట్టి చెక్-పేరెన్స్ నడిపితే కర్సర్ తేడా ఉన్న చోటికి వెళ్లి నిలబడుతుంది.

ఇక తెలుగు. మన ప్రాంతంలో ఈమ్యాక్స్ నేర్వడానికి గట్టి కారణం ఇదేనని నా అభిప్రాయం. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కంపోజ్ చేసిన మ్యాటరు యూనికోడ్ కాదు. దాన్ని ఇక్కడ తెరిస్తే పిచ్చి అక్షరాలే. యూనికోడ్ తెలుగైతే వెర్షన్ 27 నుంచి హార్ఫ్‌బజ్ అనే అక్షరాలు కూర్చే సాఫ్ట్‌వేర్ సాయంతో ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చుంటాయి. కంట్రోల్-హెచ్ కొట్టి మళ్లీ హెచ్ కొడితే రకరకాల భాషల పలకరింపుల పేజీ వస్తుంది. అందులో 'నమస్కారం' పొందికగా కనిపిస్తే మీ ఈమ్యాక్స్ తెలుగుకు సిద్ధం. డబ్బాలు కనిపిస్తే ఫాంటు లేదు. నోటో సాన్స్ తెలుగు వేసుకుని, తెలుగు లిపికి ఆ ఫాంటే వాడమని సెట్-ఫాంట్‌సెట్-ఫాంట్‌తో ఒక లైను రాస్తే సరిపోతుంది. తెలుగు వచ్చిన వరుస కాస్త ఎత్తుగా కనబడుతుంది. అది మన అక్షరం తీరు, దానితో కుస్తీ పట్టి లాభం లేదు.

టైపింగుకు కంట్రోల్-బ్యాక్‌స్లాష్ కొట్టి తెలుగు-ఐట్రాన్స్ అని పేరిస్తే చాలు, ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగు పడుతుంది. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అలవాటున్నవాళ్లకు అదీ ఉంది. కొందరు ఆపరేటింగ్ సిస్టమ్ కీబోర్డునే తెలుగులోకి మార్చుకుంటారు. లినక్స్‌లో అలా చేస్తే కంట్రోల్-ఎక్స్ కాస్తా కంట్రోల్‌తో ఏదో తెలుగు అక్షరమై 'అన్‌డిఫైన్డ్' అని కూర్చుంటుంది. ఈమ్యాక్స్ సొంత పద్ధతి అక్షరాలను మాత్రమే మారుస్తుంది, ఆదేశాల జోలికి రాదు. తుడవడంలోనూ ఒక తేడా ఉంది. 'లక్ష్మి'లోని 'క్ష్మి' తెరమీద ఒక్క ముద్దే, లోపల మాత్రం ఆరు గుర్తులు. బ్యాక్‌స్పేస్ వెనకనుంచి ఒక్కో గుర్తునే తీస్తుంది, ముందు గుడి పోతుంది. డిలీట్ కీ ముద్దనంతా ఒక్కసారే ఎత్తేస్తుంది. మధ్యలోకి దిగి దిద్దాలంటే కంపోజిషన్-బ్రేక్-ఎట్-పాయింట్ అనే సెట్టింగు ఉంది.

ప్రోగ్రామింగ్ రానివాళ్లకూ పనికొచ్చేది ఆర్గ్ మోడ్, నోట్సుకూ పట్టికలకూ ఈమ్యాక్స్‌లోనే ఉన్న ఏర్పాటు. ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల లెక్క పుస్తకాన్ని ఊహించుకోండి. మొదటి గడిలో గుంట నంబరు, రెండో గడిలో వేసిన మేత, మూడో గడిలో పట్టుబడి, నాలుగో గడిలో ఎఫ్‌సీఆర్, అంటే కిలో రొయ్యకు పట్టిన మేత. నిలువు గీతలతో గళ్లు కొట్టి, పట్టిక కింద సూత్రం లైనులో #+TBLFM: $4=$2/$3 అని రాసి, దానిమీదే కర్సర్ ఉంచి కంట్రోల్-సీ రెండుసార్లు కొడితే 2100 కిలోల మేతకు 1500 కిలోల రొయ్య దగ్గర 1.4 పడుతుంది. అంకెల మధ్య కామాలు పెట్టకూడదు. శీర్షికల కింద అడ్డగీత మరిచిపోతే శీర్షిక గడిలో కూడా లెక్క కట్టేస్తుంది.

అసలు గొయ్యి శాతం దగ్గర ఉంది. రెండో గడిలో వేసిన పిల్ల లక్ష, మూడో గడిలో బతికింది 85 వేలు అనుకుందాం. $3/$2*100 అని రాస్తే 85 రావాలి కదా, 0.0085 వస్తుంది. ఆర్గ్ లెక్క కట్టేది ఈమ్యాక్స్‌లోని కాల్క్ అనే కాల్క్యులేటర్‌తో, అందులో గుణకారం భాగహారం కంటే ముందు జరుగుతుంది. ($3/$2)*100 అని బ్రాకెట్ పెట్టాల్సిందే. తెలుగు మాటలున్న గళ్లు వరుస తప్పి వంకరగా కనిపిస్తాయి, మన అక్షరాలు సమాన వెడల్పు కావు కాబట్టి. లెక్క చెడదు. ఆ గడిని చివరికి నెడితే మిగతా పట్టిక నిటారుగా నిలబడుతుంది.

కార్తీక మాసపు వాయుగుండానికి కరెంటు పోయి, యూపీఎస్ లేని కంప్యూటర్ ఆరిపోయిందనుకోండి. ఈమ్యాక్స్ 300 అక్షరాలకోసారి, లేదా చేయి ఆపిన 30 సెకన్లకు, ఫైలు పేరుకు రెండువైపులా # పెట్టి వేరే నకలు రాస్తుంటుంది. కరెంటు వచ్చాక ఫైలు తెరవగానే అడుగున ఆటోసేవ్ ఉందని చెబుతుంది. అది చదవకుండా టైపు చేసుకుంటూ పోతే కొత్త నకలు పాతదాని మీద పడిపోయే ప్రమాదం ఉంది. ముందు ఆల్ట్-ఎక్స్, రికవర్-దిస్-ఫైల్. అడిగినదానికి yes అని మూడక్షరాలూ పూర్తిగా టైపు చేసి, సరిచూసుకుని సేవ్ చేయాలి.

ప్లేస్‌మెంట్లకు మూడు నెలలే ఉన్నవాళ్లు ఇప్పుడు దీని జోలికి రావద్దు. వీఎస్ కోడ్ చాలు, ఆ మూడు నెలలు లెక్కలకు, అల్గారిథమ్‌లకు పెట్టుకోండి. రెండో సంవత్సరంలో ఉన్నవాళ్లకు, రోజూ తెలుగులో రాసేవాళ్లకు మాత్రం పెట్టిన టైము దండగ కాదు.

పెన్‌డ్రైవ్‌లో వచ్చిన ఫోల్డరును పారేయక్కర్లేదు. వెర్షన్ 29 నుంచి టెర్మినల్‌లో ఇనిట్-డైరెక్టరీ అనే ఆప్షన్ ఇచ్చి ఆ ఫోల్డరుతో వేరే ఈమ్యాక్స్ తెరవొచ్చు, మీ సెట్టింగులు చెక్కుచెదరవు. అందులో నచ్చిన కీ మీద కంట్రోల్-హెచ్, కే కొట్టండి. ఫంక్షన్ పేరు తెలుస్తుంది. దాన్ని పిలిచే లైను ఆ ఇనిట్ ఫైలులో వెతికి, ఆ ఒక్క లైనునే మీ దాంట్లో రాసి, కంట్రోల్-ఎక్స్, కంట్రోల్-ఈతో నడిపి చూడండి.