సవరణ: 3.54 డిఫ్, ఓవర్‌డ్రైవ్ ఒకటి కావు

200టీడీఐ డీజిల్ ఇంజిన్ బిగించిన సిరీస్ 3 ల్యాండ్ రోవర్‌కు 3.54 డిఫరెన్షియల్ (ఇరుసులోని గేర్ల పెట్టె, క్లుప్తంగా డిఫ్; చక్రాలు ఒక చుట్టు తిరగడానికి దానికొచ్చే షాఫ్టు 3.54 చుట్లు తిరుగుతుంది) వేసినా, ఫెయిరీ కంపెనీ ఓవర్‌డ్రైవ్ (కావాలన్నప్పుడు వేసుకునే అదనపు హై గేరు) పెట్టినా ఫలితం ఒకటేనని మొన్నటి పోస్టులో ఉంది. అది హైవే వరకే. 7.50-16 టైర్లతో 90 కి.మీ. వేగం దగ్గర పాత 4.7 డిఫ్‌తో ఇంజిన్ సుమారు 3,300 ఆర్‌పీఎం తిరుగుతుంది. 3.54తో 2,500, ఓవర్‌డ్రైవ్‌తో 2,600.

అసలు తేడా రాళ్లలో తెలుస్తుంది. ఓవర్‌డ్రైవ్‌ను వాడకుండా ఆపేస్తే పాత గేరింగ్ చేతికొస్తుంది. 3.54 వేశాక మాత్రం లో రేంజ్ (కష్టమైన దారుల కోసం ఉండే నెమ్మది గేర్ల వరస) ఫస్ట్ గేరులోనూ బండి అదే ఆర్‌పీఎంకు మూడో వంతు ఎక్కువ వేగంతో పోతుంది, నిటారు దిగుడులో బ్రేకు మీంచి కాలు తీయలేం. ఆ పోస్టులోని 'వెనక డిఫ్ ఒక్కటి మారిస్తే చాలు' అన్న వాక్యం కూడా కొట్టేయండి. ముందూ వెనకా నిష్పత్తి కలవకుండా ఫోర్ వీల్ వేస్తే ట్రాన్స్‌మిషన్ బిగుసుకుంటుంది. అన్నట్టు, 3.54తో స్పీడోమీటరు తక్కువ చూపిస్తుంది, దాన్నీ సరిచేయించాలి.