నురుగొస్తే పుండు మానుతుందా? ఆ ఫార్వర్డ్‌కి నా జవాబు

మా జడ్చర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "మానని పుండుకి ఆస్పత్రుల చుట్టూ తిరగొద్దు. రోజూ రెండు పూటలా హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి నురుగు వచ్చేలా కడగండి. మంట పుడితే మందు పనిచేస్తున్నట్టే. తర్వాత నిండా బీటాడిన్ పోసి, కట్టు కట్టకుండా గాలికి ఆరబెట్టండి. ఎలాంటి పుండైనా 21 రోజుల్లో మాయం." నాది మెడికల్ షాపు. ఈ మెసేజ్ పుణ్యాన ఆ సీసాలు బాగానే పోతున్నాయి, అంటే ఇప్పుడు నేను రాసేది నా గల్లాపెట్టెకే నష్టం.

ముందు నురుగు సంగతి. నురుగొస్తే క్రిములు చస్తున్నాయని చాలామంది అనుకుంటారు. మన రక్తంలో, కణాల్లో కెటలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది తగలగానే పెరాక్సైడ్ నీళ్లు, ఆక్సిజన్‌గా విడిపోతుంది, ఆ ఆక్సిజనే బుడగలు. క్రిమి ఒక్కటి లేకున్నా పొంగుతుంది. నమ్మకపోతే ఆదివారం తెచ్చిన మటన్‌లో ఒక ముక్క మీద చుక్క వేసి చూడండి (ఆ ముక్క మాత్రం కూరలో వెయ్యకండి).

"మంట పుడితే పనిచేస్తున్నట్టే" అట. కారం చల్లినా మంట పుడుతుంది. 1985లో వచ్చిన ఒక ల్యాబ్ పరిశోధనలో 1 శాతం పోవిడోన్ అయోడిన్ (బీటాడిన్‌లో ఉండే మందు ఇదే), 3 శాతం పెరాక్సైడ్ రెండూ కొత్త కండ అల్లే ఫైబ్రోబ్లాస్ట్ కణాలనే చంపేశాయి. అదే అయోడిన్‌ని 0.001 శాతానికి పలచబరిస్తే క్రిములు చచ్చాయి, కణాలు బతికాయి. నేను అమ్మే సీసాల మీద ఉండేది 5, 10 శాతం. ల్యాబ్ గిన్నెలో జరిగిందే కాలి మీదా అచ్చంగా జరుగుతుందని కాదు, కానీ పెన్సిలిన్ కనిపెట్టకముందే, మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లోనే ఫ్లెమింగ్ ఇలాంటిదే చెప్పాడు: ఘాటు మందులు గాయం లోతుల్లోని క్రిములను అందుకోలేవు, వాటితో పోరాడే తెల్ల రక్తకణాలను మాత్రం చంపుతాయి.

అట్లని యాంటిసెప్టిక్ అంటేనే విషమని ఎదురు ఫార్వర్డ్ మొదలుపెట్టకండి. కొద్దికొద్దిగా అయోడిన్ వదిలే కాడెక్సోమర్ అనే రకం సిరల పుండ్లకి కొంత మేలు చేస్తుందని ఆధారాలున్నాయి, పచ్చరంగు చీము పట్టిన పుండుకి పలచటి ఎసిటిక్ యాసిడ్ వాడే డాక్టర్లూ ఉన్నారు. ఏ పుండుకి ఏది, ఎన్నాళ్లు అన్నది చూసి చెప్పాలి.

అసలు నాకు కోపం తెప్పించింది "ఎలాంటి పుండైనా" అన్న మాట. కల్వకుర్తి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, పాత లుంగీ పీలిక విప్పితే బొటనవేలి కింద రూపాయి బిళ్లంత గుంత, చుట్టూ తెల్లగా ఆనెకాయలా మందంగా చర్మం. నెలన్నరగా రోజూ పెరాక్సైడే. "నొస్తలేదా పెద్దనాయనా?" అంటే "ఏం లేదు బిడ్డా, మొద్దు లెక్కుంటది" అన్నాడు. షుగర్ పన్నెండేళ్లుగా ఉందట. ఎందుకో అనుమానమొచ్చి ఆయన రబ్బరు చెప్పు తిప్పి చూశాను. అడుగు నుంచి సర్కారుతుమ్మ ముల్లు పైకి పొడుచుకొచ్చి ఉంది, సరిగ్గా ఆ గుంత ఆనేచోట. పొద్దున కడగడం, తర్వాత అదే ముల్లు మీద పొలానికి నడవడం! ఆ కాలికి ఏ సీసా పోస్తే మానుతుంది?

స్పర్శ పోయిన కాలికి కావలసింది ఆ చోట బరువు పడకుండా చూడటం. వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల పాదాల విషయంలో పట్టుకున్నదీ ఇదే: నొప్పి తెలియక పుండు మీదే నడవడం వల్ల మానడం లేదని. మెత్తటి ఎంసీఆర్ (మైక్రోసెల్యులార్ రబ్బరు) చెప్పులు ఇచ్చేది అందుకే. రోజంతా నిలబడి పనిచేసేవాళ్లకి సిరలు ఉబ్బి చీలమండ దగ్గర వచ్చే పుండు వేరు, దానికి బిగుతు కట్టు కావాలి. బీడీలు తాగి తాగి రక్తనాళం మూసుకుపోయిన కాలికి అదే కట్టు కడితే కాలే పోవచ్చు. అందుకే ముందు పాదంలో నాడి చూడాలి.

"గాలికి ఆరబెట్టాలి" అన్నది మా అవ్వ కూడా చెప్పేది. 1962లో జార్జ్ వింటర్ పందుల మీద గాయాలు చేసి చూశాడు, కప్పి తడిగా ఉంచినవాటి మీద చర్మం దాదాపు రెట్టింపు వేగంతో పరుచుకుంది. తడి అంటే నీళ్లు కారేంత కాదు, ఆరి చెక్కు కట్టనివ్వకుండా ఉంచడం. రక్తం అందక నల్లగా ఎండిన వేలికి మాత్రం ఈ లెక్క వర్తించదు, దాన్ని పొడిగానే ఉంచి వెంటనే సర్జన్‌కి చూపించాలి.

మరి దేంతో కడగాలి? కాచి చల్లార్చిన నీళ్లు, లేదా నార్మల్ సెలైన్.

ఇక ఆస్పత్రి వద్దన్న మాట. షుగర్ ఉన్నవాళ్ల పాదం మీద పుండు పడితే 21 రోజులు కాదు, 2 రోజులు కూడా ఆగొద్దు. వాసన, జ్వరం, పైకి పాకే ఎరుపు ఉంటే అదే రోజు వెళ్లాలి. మిగతావాళ్లకి నాలుగు వారాలైనా పుండు చిన్నది కాకపోతే సీసా పక్కన పెట్టి బయల్దేరాలి. వెళ్లేటప్పుడు రోజూ తొడిగే చెప్పులే వేసుకుని వెళ్లండి, డాక్టర్ అడగకపోయినా తిప్పి చూపించండి.