ఫాదర్ గారి సింబాలిక్ దేవుడు

కడపలో ఏ హోటల్ వాడైనా కారం దోసెలో కారం సింబాలిక్ అన్నాడంటే ప్లేటు తిరిగి వాడి మొహానికే వస్తుంది. అదే మాట దేవుడి గురించి అంటే మాత్రం ‘ఫాదర్ గారు బాగా చదువుకున్నారు’ అంటారు.

నేను పుట్టుకతో సీఎస్ఐ, అంటే ప్రొటెస్టెంట్. మా తాతల నాటి నుంచి మాది లండన్ మిషన్ కుటుంబం. బైబిల్లో 66 పుస్తకాలు, ఇంట్లో ఒక్క విగ్రహమూ లేకపోవడం మా ఆస్తి. అలాంటివాడిని, 1992లో రోము ప్రకటించిన లావుపాటి సత్యోపదేశ గ్రంథం, అంటే కాథలిక్కులు ఏం నమ్మాలో చెప్పే పుస్తకం, కొని తెచ్చుకున్నాను. విషయం పొక్కి మా అయ్యగారు, అదే మా చర్చి పాస్టరు, ఇంటికొచ్చారు. టీ తాగుతూ, ఆర్‌సీఎం వాళ్ళు, అంటే రోమన్ కాథలిక్కులు, మరియమ్మకు మొక్కుతారనీ, బైబిల్లో 7 పుస్తకాలు ఎక్కువ కలుపుకున్నారనీ హెచ్చరించి వెళ్ళారు. మంచి మనిషి. తను ఏం నమ్ముతారో తనకు తెలుసు.

నన్ను పట్టుకున్నది 1374వ పేరా. సత్ప్రసాదంలో, అంటే పూజలో గురువు ఇచ్చే అప్పంలో, క్రీస్తు నిజంగా, వాస్తవంగా ఉన్నాడని అందులో రాశారు. 1551లో ట్రెంట్‌లో కూడిన కాథలిక్ మహాసభ తేల్చిన మాట అది. మేము నెలకోసారి ‘బల్ల’ (రొట్టె, ద్రాక్షారసం) తీసుకుంటాం, జ్ఞాపకార్థం అనుకుంటాం. వీళ్ళు నిజం అంటున్నారు. ఇది చిన్న తేడా కాదని, రెండు రాత్రులు నిద్ర మాని, దగ్గర్లోని ఒక కాథలిక్ చర్చి విచారణ గురువుల దగ్గరికి వెళ్ళాను.

“ఫాదర్, అది నిజంగా క్రీస్తు శరీరమేనా?”

ఆయన జాలిగా నవ్వారు. “అక్షరాలా తీసుకోకూడదు బాబూ. సింబాలిక్.”

సరే, చనిపోయిన ఆత్మలు శుద్ధి అయ్యే ఉత్తరించు స్థలం? సింబాలిక్. సాతాను? మనలోని చెడుకు సింబల్. పునరుత్థానం? “శిష్యుల అనుభవంలో లేచాడు” అన్నారు. సమాధి ఖాళీ అయిందా లేదా అని అడిగాను. అది మోడరన్ ప్రశ్న కాదన్నారు. నరకం సంగతి నేను అడగలేదు, ఆయనే ముందుకొచ్చి దాన్ని ఖాళీ చేసేశారు. ఇంతలో ఎవరో తమ నాన్నగారి ఆత్మశాంతి కోసం పూజ చెప్పించుకోవడానికి వచ్చారు. రసీదు పుస్తకం బయటికొచ్చింది. తారీఖు, పేరు, పూజ కానుక, అన్నీ అక్షరాలా రాశారు. కార్బన్ పేపరు కూడా పెట్టారు.

నాకు నోట మాట రాలేదు. 1529లో జర్మనీలోని మార్బర్గ్‌లో ఇదే గొడవ మీద, స్విట్జర్లాండ్ సంస్కర్త జ్వింగ్లీ అది గుర్తు మాత్రమే అని వాదిస్తుంటే, లూథరు బల్ల మీద సుద్దముక్కతో ‘ఇది నా శరీరము’ అని రాసి పెట్టుకుని చివరిదాకా ఒప్పుకోలేదు. లూథరు! ప్రొటెస్టెంట్లకే పెద్దదిక్కు! ఇన్ని వందల ఏళ్ళ తర్వాత జ్వింగ్లీకి రాయలసీమలో శిష్యుడు దొరికాడు, అదీ తెల్ల అంగీలో, రోము పంపిన గురువుల వరసలో. మా అయ్యగారి మాట వినడానికి నేను ఆటోకి అరవై రూపాయలు పెట్టుకుని ఇంత దూరం రావాలా?

యోహాను సువార్త ఆరో అధ్యాయంలో తన శరీరం తినాలని క్రీస్తు అంటే, కఠినమైన మాట అని చాలామంది శిష్యులు వెళ్ళిపోయారు. ఆయన వాళ్ళ వెనకాల పరుగెత్తి ‘అబ్బే, సింబాలిక్ లే, రండి’ అనలేదు.

పైకి నవ్వుతున్నాను కానీ నాకు కడుపు మండింది ఆదివారం నాడు. ఆ ఫాదర్ గారి చర్చికి ఒక అవ్వ వస్తుంది, మొదటి బస్సుకి, పల్లె నుంచి. మోకాళ్ళు పని చెయ్యవు. అయినా కిందికి దిగి మోకరిస్తుంది, పైకి లేవడానికి ఇద్దరు పట్టుకోవాలి. కుర్చీలో కూర్చోవే అవ్వా అంటే, “స్వామి లోపలుండాడు కదప్పా, ఎట్ల కూచుందును?” అంది. ఫాదర్ గారూ, మీకు నమ్మకం లేకపోతే లేదు, అది మీ ఖర్మ. కానీ రోజూ ఆ పీఠం ముందు నిలబడి, ఆ అవ్వ నమ్మకం పెట్టే తిండి తింటూ, ఆమె వెనక మాలాంటి కొత్తవాళ్ళతో ‘సింబాలిక్’ అని కన్ను గీటడం ఏం పని? దమ్ముంటే ఆ మాట ఆమెను మోకాళ్ళ మీద నుంచి లేపి చెప్పండి.

ఆ రోజు అవ్వకు చెయ్యి ఆసరా ఇచ్చి వరసలో ముందుకు తీసుకెళ్ళాను. ఫాదర్ గారు ఆమెకిచ్చి, నావైపు కూడా చెయ్యి చాపారు. నేను చేతులు కట్టుకుని తల అడ్డంగా ఊపాను. ఇంకా కాథలిక్ సభలో చేరలేదు కదా, తీసుకోకూడదు.

“ఫర్వాలేదులే బాబూ, తీసుకో” అన్నారు ఆయన.

అవ్వ ఆయన వంక ఎగాదిగా చూసింది.