ఉద్యోగం, ఉయ్యాల, ఒలింపిక్ స్వర్ణం

వింటర్ ఒలింపిక్స్ వచ్చిన ప్రతిసారీ మన ఫోన్లలో కర్లింగ్ వీడియో ఒకటి తిరుగుతుంది. మంచు మీద ఒక రాయి జారుతుంటుంది. దాని ముందు ఇద్దరు చీపుర్లలాంటివి పట్టుకుని గబగబా ఊడుస్తుంటారు. ‘మా ఇంట్లో రోజూ ఇదే ఆట’ అని కింద ఒక జోక్. ఆ ఆటలో మూడుసార్లు ప్రపంచ విజేతై, ఒలింపిక్ స్వర్ణం గెలిచి, 36 ఏళ్లకే కన్నుమూసిన సాండ్రా ష్మిర్లర్ గురించి తెలిశాక నాకు ఆ జోక్‌కి నవ్వు రావడం లేదు.

ఆమెది కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రం. కనుచూపు మేర గోధుమ పొలాలు, ఏడాదిలో సగం రోజులు మంచు. అక్కడ చిన్న ఊళ్లలో కూడా కర్లింగ్ క్లబ్ ఉంటుంది. 1963లో బిగ్గర్ అనే అలాంటి ఊళ్లోనే ఆమె పుట్టారు. చదువయ్యాక రెజైనా నగరంలో స్విమ్మింగ్ పూల్ ఉన్న ఒక క్రీడా కేంద్రంలో సూపర్‌వైజర్‌గా చేరారు. పగలు డ్యూటీ, సాయంత్రం ప్రాక్టీస్. జట్టులోని జాన్ బెట్కర్, జోన్ మెకస్కర్, మార్సియా గుడెరైట్ కూడా ఉద్యోగాలు చేసుకునేవారే.

క్యారమ్స్ ఆడినవారికి ఈ ఆట తేలిగ్గానే అర్థమవుతుంది. స్ట్రైకర్‌కి బదులు దాదాపు 20 కిలోల గ్రానైట్ రాయి, బోర్డుకి బదులు 45 మీటర్ల మంచు బాట. అవతలి చివరన ఉన్న వలయాల మధ్యకు ఎవరి రాళ్లు దగ్గరగా ఆగితే వారికి పాయింట్లు. ఊడవడం వల్ల మంచు పైపొర వేడెక్కి ఒరిపిడి తగ్గుతుంది, రాయి మరికొంత దూరం, మరికొంత తిన్నగా వెళ్తుంది. ఎక్కడ ఊడవాలో, ఎప్పుడు ఆపాలో అరిచి చెప్పేది స్కిప్, అంటే కెప్టెన్. వేసింది ఒకరే అయినా, ఆ రాయి ఎక్కడ ఆగుతుందన్నది నలుగురి చేతుల్లోనూ ఉంటుంది. అందుకే ష్మిర్లర్‌ను ఒంటరి ప్రతిభగా చూపించే రాతలు నాకు నచ్చవు. 1993, 1994, 1997లలో ఆమె ప్రపంచ టైటిళ్లు గెలిచింది ఈ ముగ్గురితోనే. జట్టు మారలేదు.

1997 ఏప్రిల్‌లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో మూడో టైటిల్ గెలిచేటప్పటికి ఆమె గర్భవతి. సెప్టెంబరులో పాప పుట్టింది. నవంబరు చివర్లో బ్రాండన్ పట్టణంలో ఒలింపిక్ సెలక్షన్ పోటీలు. ఒళ్లు ఇంకా పూర్తిగా కోలుకోని రోజులవి. మన ఇళ్లలో అయితే బాలింతను గడప దాటనివ్వరు.

ఫైనల్లో ప్రత్యర్థి షానన్ క్లీబ్రింక్. ఏడో ఎండ్‌లో (రెండు జట్లూ తమ రాళ్లన్నీ వేసే ఒక్కో రౌండ్‌ను ఎండ్ అంటారు) క్లీబ్రింక్ రాయి వలయం మధ్యలో కూర్చుంది, నేరుగా కొట్టే దారి లేదు. ష్మిర్లర్ పక్కనున్న రాయిని తగిలించి, ఆ తాకిడికి తన రాయి లోపలికి మళ్లేలా వేశారు. మధ్యలోని రాయి ఎగిరిపోయింది, ఒక్క దెబ్బకు మూడు పాయింట్లు. అంగుళం తేడా వచ్చినా ఆట చేజారేది. కెనడాలో ఇప్పటికీ చెప్పుకునే షాట్ అది. ఓడిన క్లీబ్రింక్ కూడా తక్కువ మనిషి కాదు, 2006 ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చారు.

1998లో నగానో ఒలింపిక్స్‌లో మహిళల కర్లింగ్‌కు తొలిసారి పతకాలిచ్చారు. సెమీస్‌లో బ్రిటన్ మీద అదనపు ఎండ్ దాకా వెళ్లి గట్టెక్కారు. ఫైనల్లో డెన్మార్క్‌పై 7-5. ఆ స్వర్ణం మళ్లీ కెనడా మహిళలకు దక్కడానికి 2014 దాకా పట్టింది.

మనం ఛాంపియన్ల కథలను ఎప్పుడూ త్యాగంతోనే కొలుస్తాం. ఇల్లు వదిలేసింది, చదువు మానేసింది, పెళ్లి వద్దనుకుంది అంటేనే గొప్ప. ఆడపిల్లల విషయంలో ఈ కొలత మరీ కఠినం. బిడ్డ పుట్టిందంటే కెరీర్ అయిపోయిందని మనమే తీర్పు చెప్పేస్తాం. ష్మిర్లర్ కెరీర్ నన్ను పట్టుకున్నది ఇక్కడే. ఆట కోసం ఆమె ఉద్యోగాన్నీ పిల్లల్నీ పక్కన పెట్టలేదు. అందుకు ఆమె పట్టుదల ఒక్కటే చాలదు. ఊళ్లో క్లబ్ ఉండాలి, పక్కన స్నేహితులుండాలి, ఇంట్లో పాపను ఎత్తుకునేవాళ్లుండాలి. మన దగ్గర కరువైనవి ఇవే.

1999లో రెండో పాప పుట్టిన కొద్ది నెలలకే క్యాన్సర్ బయటపడింది. 2000 ఫిబ్రవరిలో, చికిత్స మధ్యలోనే, మాంక్టన్‌లో జరిగిన జాతీయ జూనియర్ పోటీలకు టీవీ వ్యాఖ్యాతగా వెళ్లారు. ఆటలో ఓడిపోతే లోకం ఆగిపోదని ఇప్పుడు తెలిసిందని అక్కడ విలేకరులతో అన్నారు. మార్చి 2న చనిపోయారు. అంత్యక్రియలను దేశమంతా టీవీలో ప్రత్యక్షంగా చూసింది.

మరుసటి ఏడాది ఆమె పేరిట ఒక ఫౌండేషన్ ఏర్పడింది. నెలలు నిండక ముందే పుట్టిన పిల్లల కోసం, జబ్బుతో పుట్టిన పిల్లల కోసం ఆసుపత్రులకు పరికరాలు కొనిస్తుంది. రెజైనాలో ఆమె పనిచేసిన క్రీడా కేంద్రానికి కూడా ఆమె పేరే పెట్టారు. ఈత నేర్చుకునే పిల్లలు ఇప్పుడు ఆ పేరు కిందనుంచే లోపలికి వెళ్తారు.