అరగంట చాలదండి, ఓ పూట పెట్టుకోండి

ధవళేశ్వరం కాటన్ మ్యూజియం గురించి మీ వ్యాసంలో బాగా రాశారు గానీ, అరగంటలో చూసేయొచ్చని అందులో అన్న మాట మాత్రం నాకు మింగుడు పడలేదు. సెల్ఫీలు దిగి వచ్చేసేవాళ్లకైతే పది నిమిషాలు కూడా ఎక్కువే. కాలవ నీళ్ల మీద బతికే మా కోనసీమ వాళ్లకి అలా కుదరదు.

బ్రిటిష్ ఇంజనీరు కాటన్ దొర గోదావరి మీద కట్టించిన ఆనకట్ట నమూనా దగ్గర కాసేపు నిలబడండి. గోదావరి అక్కడ లంకల మధ్య పాయలుగా చీలుతుంది కాబట్టి ఒకటే గోడ కాదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు. 1847లో మొదలెట్టి 1852కల్లా ముగించారు. చాలామంది ఇదేదో డ్యామ్ అనుకుంటారు. నీళ్లు దాచిపెట్టడం కాదండీ దీని పని, మట్టం కాస్త పెంచి కాలవల్లోకి మళ్లించడం. మిగతాది పైనుంచి పొర్లి సముద్రంలోకి పోయేది. ఇప్పుడు మనం బస్సులో దాటేది ఆ పాత కట్టడం కాదు, 1982లో పూర్తయిన బ్యారేజీ.

1833 నాటి కరువు, 1839లో కోరంగి రేవుని ముంచిన ఉప్పెన తెలిసి వెళ్తే, మా ముసలాళ్లు కాటన్ దొరకి దండం ఎందుకు పెడతారో అర్థమవుతుంది.

అన్నట్టు, అంత పెద్ద వ్యాసంలో వీణం వీరన్న పేరు ఒక్కసారైనా రాలేదేంటండి? దొర పక్కనే ఉండి కూలీలని కూడగట్టి పని నడిపించింది ఆయనే కదా!

ఆవరణలోని పాత ఇనప యంత్రాల దగ్గర్నుంచి పిల్లలు ఓ పట్టాన కదలరు. వేసవిలో మాత్రం మిట్టమధ్యాహ్నం వెళ్లకండి, మాడిపోతారు.