ప్రపంచానికి ఒక్క మార్కు

లోకంలో ఏం జరుగుతున్నదో తెలుసుకోవడానికి మనుషులు అనాదిగా ఎన్నో తప్పుడు పద్ధతులను అనుసరిస్తూ వచ్చారు. కొందరు పత్రికలు చదివారు, కొందరు రేడియో విన్నారు, మరికొందరు అరుగుల మీద కూర్చుని పొద్దుగూకేదాకా వాదించుకున్నారు. ఈ పద్ధతులన్నింటికీ ఉమ్మడి దోషం ఒకటుంది. వీటిలో పడిన మనిషి చివరికి "ఇది ఎందుకు జరిగింది?" అని అడిగే దురలవాటుకు లోనవుతాడు. ఆ దురలవాటును సమూలంగా మాన్పించగల శాస్త్రం ఒకటి హైదరాబాదులోని అశోక్‌నగర్, చిక్కడపల్లి వీధుల్లో, ముగ్గురు కలిసి అద్దె కట్టే ఇరుకు గదుల్లో వర్ధిల్లుతున్నదని, దాని పేరు కరెంట్ అఫైర్స్ అని ఇంతకాలం తెలుసుకోకపోవడం నా లోకజ్ఞానానికి మచ్చ. మా మేనల్లుడు మూడేళ్లుగా అక్కడే ఉండి ఆంధ్రప్రదేశ్ గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నాడు. నా మచ్చను తొలగించిన పుణ్యం వాడిదే.

ఈ శాస్త్రానికి మూలకణం బిట్, అంటే నాలుగు ఆప్షన్లతో వచ్చే ఒక్క మార్కు ప్రశ్న. సంఘటన ఎంతటిదైనా, యుద్ధం కావచ్చు, భూకంపం కావచ్చు, ఒక దేశాధినేత రాత్రికి రాత్రి పారిపోవడం కావచ్చు, ముందు దాన్ని చాటలో పోసి చెరుగుతారు. పేరు, తేదీ, ఊరు, అంకె గింజలుగా మిగులుతాయి. కారణం, ఫలితం, బాధ్యత పొట్టులా ఎగిరిపోతాయి. ఇది నిర్దయ అనుకోవడం అమాయకత్వం. కారణమనేది ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకొకలా కనిపించే వస్తువు. దాన్ని నాలుగు ఆప్షన్లలో కుక్కితే మర్నాడే ఎవరో ఒకరు హైకోర్టు మెట్లెక్కుతారు. తేదీ మీద ఎవరూ కోర్టుకు వెళ్లరు. ప్రపంచం మొత్తాన్ని కోర్టుకెక్కని రూపంలోకి మార్చగలగడమే ఈ శాస్త్రం సాధించిన ఘనత. (తేదీలు కూడా తప్పుగా ఇచ్చి, ఆనక "కీ" సవరించుకున్న సందర్భాలు లేకపోలేదు. అది నిర్వహణలోని లోపమే గాని సిద్ధాంతంలోని లోపం కాదు.)

సూడాన్ సంగతే చూడండి. 2023 ఏప్రిల్ 15న అక్కడ దేశ సైన్యానికీ, ఒకప్పుడు పాలకులే పెంచి పోషించిన ఆర్‌ఎస్‌ఎఫ్ అనే సాయుధ దళానికీ మధ్య పోరు మొదలైంది. కోటిమందికి పైగా ఇళ్లు విడిచిపోయారు. దాదాపు 18 నెలల ముట్టడి తర్వాత 2025 అక్టోబరులో ఎల్ ఫాషర్ నగరం ఆ దళం చేతికి చిక్కింది. ఇవన్నీ చదివి, మనసు పాడుచేసుకుని, రాత్రి భోజనం సరిగా చేయలేని స్థితిలో నేను మా మేనల్లుడి దగ్గర సూడాన్ పేరెత్తాను. వాడు రెప్పపాటులో "ఆపరేషన్ కావేరి" అన్నాడు. అక్కడ చిక్కుకున్న భారతీయులను జెడ్డా మీదుగా వెనక్కి తెచ్చిన కార్యక్రమానికి మన ప్రభుత్వం పెట్టిన పేరది. నేను తేరుకునేలోపే వాడు మిగతావి కూడా జతపరిచేశాడు: ఉక్రెయిన్‌కు గంగ, తుర్కియే భూకంపానికి దోస్త్, ఇజ్రాయెల్‌కు అజయ్, మయన్మార్ భూకంపానికి బ్రహ్మ, ఇరాన్‌కు సింధు. కర్ణాటక, తమిళనాడుల మధ్య తెగని తగవుకు పేరుమోసిన కావేరి, నైలు నది పారే దేశం దాకా ఎందుకు పారవలసి వచ్చిందని అడిగాను. "అది బిట్ కాదు మావయ్యా" అన్నాడు. నా మనసు వెంటనే తేలికపడింది. ఒక దేశపు దుఃఖాన్ని రెండు మాటల్లో మోయగలిగినప్పుడు ముప్పై పేజీల్లో మోయడం వృథా ప్రయాస.

దూరదేశాల విషయంలో ఇది సులువే, సొంత ఊరి విషయానికి వస్తే శాస్త్రం నిలబడదని కొందరు సందేహించవచ్చు. ఆ పరీక్ష కూడా జరిగిపోయింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. మా బావగారి పొలం ఆ జిల్లాలోనే. కోసి పనల మీదున్న వరి మీదుగా నీళ్లు పారాయి. ఆయన కొడుక్కి ఫోను చేసి ఆ సంగతి చెబుతుంటే, వాడు అంతా ఓపిగ్గా విని, ఆ పేరు పెట్టింది మయన్మార్ అని తండ్రికి తెలియజేశాడు. మన వైపు సముద్రాల్లో పుట్టే తుఫాన్లకు పేర్లు పెట్టే బాధ్యత 13 దేశాలది. ఒక్కో దేశం 13 పేర్ల చొప్పున మొత్తం 169 పేర్ల జాబితా 2020లో విడుదలైంది. దేశాల ఆంగ్ల అక్షరక్రమంలో వరుసగా వాడుకుంటూ పోతారు. రాయడం ఒకలా, పలకడం మరొకలా ఉండే ఆ మిచౌంగ్‌ను మిగ్‌జాం అనాలని కూడా వాడు సవరించాడట. నష్టపరిహారానికి ఎవరికి అర్జీ పెట్టాలన్నది మాత్రం ఏ మెటీరియల్‌లోనూ లేదు. మా బావ చాలాసేపు మాట్లాడలేదు. కొడుకు అంత చదువుకున్నందుకు గర్వంతోనే అయి ఉంటుంది.

ఈ శాస్త్రంలో నన్ను అన్నింటికంటే ఆకట్టుకున్నది దాని కాలగణన. పరీక్షకు ముందు పన్నెండు నెలలలో జరిగినవే వర్తమానమని అభ్యర్థుల నమ్మకం. ఆ గడువు దాటితే సంఘటన దానంతటదే "స్టాటిక్ జీకే" అనే వృద్ధాశ్రమానికి చేరుతుంది. ఉక్రెయిన్ మీద రష్యా దండయాత్ర 2022 ఫిబ్రవరి 24న మొదలై ఏళ్లు గడిచిపోయింది కనుక, అక్కడ ఫిరంగులు మోగుతూనే ఉన్నా, మొదటి రోజు చనిపోయినవారు చరిత్ర విభాగంలోకి, నిన్న చనిపోయినవారు వర్తమాన విభాగంలోకి వస్తారు. యుద్ధం వల్ల నికరంగా మిగిలినది మరొకటుంది: ఫిన్‌లాండ్ 2023 ఏప్రిల్‌లో నాటోలో 31వ సభ్యదేశంగా, స్వీడన్ 2024 మార్చిలో 32వ దేశంగా చేరాయి. దశాబ్దాల తటస్థ విధానాన్ని ఆ రెండు దేశాలు ఎందుకు వదులుకున్నాయో తెలియకపోయినా ఫర్వాలేదు. 31, 32 తారుమారైతే మాత్రం మార్కు పోవడమే కాక, మరో మూడో వంతు కోత కూడా పడుతుంది.

ఇంతటి పటిష్ఠమైన శాస్త్రాన్ని కూడా పట్టాలు తప్పించగల దేశం ఒకటుంది. ఫ్రాన్స్ అనే ఆ బాధ్యతారహిత దేశంలో 2024 ఒక్క ఏడాదిలోనే నలుగురు ప్రధానులు కనిపించారు. నెలవారీ పత్రిక అచ్చయి, బస్సెక్కి, కొట్టులో వేలాడే సమయానికి ప్రధాని మారిపోతే అభ్యర్థి ఎవరిని నమ్ముకోవాలి? ఈ విషయంలో సెబాస్టియన్ లెకోర్ను ఒక్కరే కొంత మానవత్వం చూపారు. ఆయన 2025 అక్టోబరు 6న రాజీనామా చేసి, 10న మళ్లీ అదే పదవిలోకి వచ్చి, పాత జవాబును తిరిగి సరైన జవాబుగా నిలబెట్టారు. 2022లో 50 రోజులైనా నిండకుండా దిగిపోయిన బ్రిటన్ ప్రధాని లిజ్ ట్రస్‌కు ఈపాటి సంస్కారం లేకపోయింది. నేపాల్ నయం. 2025 సెప్టెంబరులో సామాజిక మాధ్యమాలపై నిషేధంతో రగిలిన యువకులు వీధుల్లోకి వచ్చారు, కాల్పులు జరిగాయి, ప్రధాని ఓలీ 9న రాజీనామా చేశారు, 12న మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కార్కీ ఆ దేశపు తొలి మహిళా ప్రధాని అయ్యారు. "తొలి మహిళ" అనే మాట ఉంటే ఆ బిట్‌కు ఆయుర్దాయం ఎక్కువట. వీధుల్లోకి వచ్చిన ఆ యువకుల వయసూ, పని దొరకని వాళ్ల ఉక్రోషమూ మా మేనల్లుడికి ఏమైనా పరిచితంగా తోచాయా అని అడిగితే, ఆ రోజు మాక్ టెస్టు ఉందని చెప్పాడు.

వాతావరణ సదస్సుల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 28వది దుబాయ్, 29వది బాకు, 30వది బెలెం. మొదటిదానికి అధ్యక్షత వహించినది ఆ దేశపు చమురు సంస్థ అధిపతి, రెండోదాన్ని నిర్వహించిన దేశాధ్యక్షుడు చమురు దేవుడిచ్చిన వరమని సభలోనే అన్నాడు, మూడోది జరుగుతుండగా వేదికలోనే మంటలు లేచాయి. అంకె, ఊరు తప్ప మరేమీ గుర్తుపెట్టుకోవద్దన్న మన అభ్యర్థుల నియమాన్ని ఆ సదస్సులకు వెళ్లే దేశాలు కూడా నిష్ఠగా పాటిస్తున్నట్టున్నాయి.

సూచీల దగ్గర మాత్రం ఒక తాత్త్విక చిక్కు ఎదురైంది. 2023 ప్రపంచ ఆకలి సూచీలో మన దేశానిది 125 దేశాలలో 111వ స్థానం. ఆ లెక్కే తప్పు, పద్ధతే దోషపూరితమని కేంద్ర ప్రభుత్వం అప్పుడే తోసిపుచ్చింది. కాని ఇలాంటి ర్యాంకులు సర్కారు కొలువుల పరీక్షల బిట్ బ్యాంకులలో ఏటా నమ్మకంగా కనిపిస్తాయి. అంటే, తప్పని ప్రభుత్వమే చెప్పిన అంకెను అభ్యర్థి తప్పు లేకుండా రాస్తే, ఆ ప్రభుత్వమే వాడికి ఉద్యోగం ఇస్తుంది. వాడు ఉద్యోగంలో చేరాక ఆ అంకెను తప్పని వాదించడం వాడి విధి అవుతుంది. ఈ చిక్కును విప్పమని కోరితే మా మేనల్లుడు "ప్రతిపాదన, కారణం" అనే తరహా ప్రశ్న ఒకటి ఉందని చెప్పి ఆశ కల్పించాడు. కారణానికి ఎట్టకేలకు చోటు దొరికిందని సంతోషించి ఆ తరహా ప్రశ్నలు చాలా చూశాను. వాటిలో అన్నింటికంటే లోతైనదిగా నాకు తోచిన ఆప్షన్ ఇది: "ప్రతిపాదన, కారణం రెండూ నిజమే, కాని ప్రతిపాదనకు ఆ కారణం సరైన వివరణ కాదు." నలభై ఏళ్లుగా మంత్రుల పత్రికా ప్రకటనలు చదువుతున్నాను. వాటిని ఇంత క్లుప్తంగా వర్ణించిన వాక్యం నాకు తారసపడలేదు.

ఇక ఈ శాస్త్రం తనను తానే మింగి జీర్ణించుకున్న ఘట్టం. ప్రశ్నపత్రాల లీకేజీని అరికట్టడానికి పార్లమెంటు 2024 ఫిబ్రవరిలో చట్టం చేసింది. వ్యవస్థీకృత నేరానికి 5 నుంచి 10 ఏళ్ల జైలు, కనీసం కోటి రూపాయల జరిమానా. మే 5న నీట్ జరిగింది, ప్రశ్నపత్రం లీకైంది. జూన్ 18న యూజీసీ నెట్ జరిగింది, మర్నాడే రద్దయింది. జూన్ 21న ఆ చట్టం అమల్లోకి వచ్చింది. గొడ్డు తప్పిపోయాక దొడ్డికి తడిక కట్టారని తొందరపడి ఆక్షేపించకండి. ఆ తడిక కట్టిన తేదీయే ఇప్పుడు బిట్. లీకైన పరీక్ష రాసినవాడు మళ్లీ పరీక్ష రాసేటప్పుడు, లీకేజీ చట్టం ఎప్పుడు అమల్లోకి వచ్చిందన్న ప్రశ్నకు జవాబు దిద్ది ఒక మార్కు రాబట్టుకోవచ్చు. బాధితుడికి ఇంతకంటే నేరుగా అందే పరిహారం మరే శాఖలోనూ లేదు.

మా వాడి గదిలోనే నల్లగొండ వైపు కుర్రవాడు ఒకడుంటాడు. తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ గురించి అతన్ని కదిలించాను. 2022 అక్టోబరు 16న రాస్తే లీకేజీ వల్ల మరుసటి మార్చిలో రద్దయింది. 2023 జూన్ 11న రాస్తే, వేలిముద్రలు తీసుకోలేదన్న కారణంగా సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. కొత్త నోటిఫికేషన్‌తో 2024 జూన్ 9న మళ్లీ జరిగింది. పోస్టులు 503 నుంచి 563 అయ్యాయి. "ఒక్కటే పరీక్ష సార్, మూడుసార్లు రాసిన" అన్నాడు. ఏ తేదీన ఏమైందో, ఎవరి నిర్లక్ష్యం వల్ల అయిందో, దానివల్ల తన ఇంట్లో ఏం అమ్ముకోవలసి వచ్చిందో గంటసేపు వరుసగా, ఎక్కడా తడబడకుండా, కారణాలతో సహా వివరించాడు. అశోక్‌నగర్‌లో నేను విన్న మొట్టమొదటి "ఎందుకు" అది. శాస్త్రవిరుద్ధమే అయినా, పూర్తిగా విన్నాను. మా మేనల్లుడు పుస్తకంలోంచి తలెత్తి, అది సిలబస్‌లో లేదని మా ఇద్దరికీ గుర్తుచేశాడు.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మర్నాడు ఉదయం వాడు ఇంటికి ఫోను చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. చేను ఎలా ఉందని వాడు అడగబోతుండగానే అవతలి నుంచి మా బావ అందుకున్నాడు. "ఈసారి పేరు థాయ్‌లాండ్ పెట్టిందట కదరా. రాత్రి కరెంటు పోకముందు టీవీలో చెప్పారు. నీకు పనికొస్తుందని కాగితం మీద రాసి పెట్టాను."