ఆదివారం మింగేసిన పండుగలు

డిసెంబరు మూడో వారంలో మా ఆఫీసుకు కొత్త క్యాలెండరు వస్తుంది. రబ్బరు బ్యాండు వేసి ఉన్న, ఇంకా రంగు వాసన వదలని ఆ కాగితపు చుట్టను విప్పే అర్హత మా సెక్షన్‌లో ఒక్కరికే ఉంది. ఆయన మా సూపరింటెండెంటు గారు. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు. అందరిలా ఆయన జనవరి ఒకటో తేదీ దగ్గర మొదలుపెట్టరు. ప్రతి నెలలోనూ ఆదివారం వరుస మీద వేలు పెట్టి ఎడమ నుంచి కుడికి జరుపుకుంటూ పోతారు. ఎర్ర అంకె కింద చిన్న అక్షరాల్లో ఏదైనా పండుగ పేరు కనిపించిందా, వేలు ఆగిపోతుంది. "పోయింది" అంటారు. మేమంతా ఒక్క క్షణం తలలు దించుకుంటాం. పోయింది ఎవరి పండుగ అన్న ప్రశ్న మా సెక్షన్‌లో ఇంతవరకు ఎవరూ వేయలేదు. సంతాపానికి మతం లేదు.

ఈ దేశంలో మతసామరస్యం అడుగంటిపోయిందని వాపోయే మేధావులు ఒక్కసారి మా ఆఫీసుకు వచ్చి చూడాలి. మిగతా చోట్ల పక్కవాడి పండుగ వస్తోందంటే మైకుల గొడవ, దారి గొడవ, బందోబస్తు గొడవ. మా దగ్గర పక్కవాడి పండుగ కోసం సొంత పండుగ కన్నా ఎక్కువ ఆత్రంగా ఎదురుచూస్తాం. సొంత పండుగకైతే పిండివంటలు, బంధువులు, ఖర్చులు. పక్కవాడి పండుగకు హాయిగా నిద్ర.

2022ను మా సెక్షన్‌లో ఇప్పటికీ కరువు సంవత్సరంగానే చెప్పుకుంటారు. ఆ ఏడాది శ్రీరామనవమి ఏప్రిల్ 10, ఆదివారం. బక్రీద్ జూలై 10, ఆదివారం. గాంధీ జయంతి ఆదివారం. గాంధీ గారి దుఃఖం నుంచి తేరుకునేలోపే, సరిగ్గా వారానికి, మిలాదున్నబీ ఆదివారం. ఇంతటితోనైనా ఆగుతుందనుకుంటే క్రిస్మస్ కూడా ఆదివారమే. ఏ మతానికీ మినహాయింపు ఇవ్వకుండా, ఏ మతం మీదా ప్రత్యేక అభిమానం చూపకుండా అన్నింటినీ సమానంగా మింగేసిన ఆ ఆదివారం కన్నా లౌకికమైనది మన రిపబ్లిక్‌లో ఇంకేదైనా ఉందా అని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

ఆ కరువులో ఒకే ఒక్క వాన కురిసింది. ఏప్రిల్ 14, గురువారం అంబేడ్కర్ జయంతి. పదిహేను గుడ్ ఫ్రైడే. పదహారు శనివారం ఒక్క సీఎల్ పడేస్తే ఆదివారంతో కలిపి నాలుగు రోజులు. నుదుటి మీద మూడు విభూతి రేఖలున్న మా సూపరింటెండెంటు గారు సీఎల్ దరఖాస్తు మీద సంతకం చేస్తూ, "చివరికి ఏసు ప్రభువే ఆదుకున్నాడయ్యా" అన్నారు. ఆ గొంతులో పలికిన భక్తి నేను ఏ ప్రార్థనా మందిరంలోనూ వినలేదు. అయితే అదే 14న మహావీర్ జయంతి కూడా వచ్చింది. వేర్వేరు రోజుల్లో రావలసిన ఇద్దరు మహానుభావులు ఒకే రోజున రావడాన్ని ఆయన ఇప్పటికీ పాలనాపరమైన లోపంగానే పరిగణిస్తారు.

లోపం కాదు, నిబంధనే. కేంద్ర ప్రభుత్వం ఏటా ఇచ్చే సెలవుల ఉత్తర్వులో, పండుగ ఆదివారమో మరో సెలవు రోజో వచ్చినా, రెండు పండుగలు ఒకే రోజున వచ్చినా బదులు సెలవు ఇవ్వబోమని స్పష్టంగా ఉంటుంది. బ్రిటన్‌లో క్రిస్మస్ శని, ఆదివారాల్లో వస్తే తర్వాతి పనిదినాల్లో బదులు సెలవు ఇస్తారు. మనకు రైళ్లు, ఫైళ్లు, టై కట్టుకోవడం అన్నీ నేర్పి వెళ్లిన దొరలు ఈ ఒక్కటీ మాత్రం పెట్టెలో సర్దుకొని పట్టుకుపోయారు. పోతూ పోతూ 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టాన్ని మాత్రం వదిలి వెళ్లారు. దాని 25వ సెక్షన్ ప్రకారం, ప్రామిసరీ నోటు గడువు తీరే రోజు సెలవైతే ముందటి పనిదినమే గడువు తీరినట్టు. చూడండి, అప్పు ఆదివారం వస్తే దానికి ముందు రోజు దొరుకుతుంది. పండుగ ఆదివారం వస్తే దానికి ముందూ లేదు, వెనకా లేదు.

అసలు ఆ ఆదివారమైనా మనకు ఊరికే రాలేదు. బొంబాయి మిల్లుల్లో వారానికి ఏడు రోజులూ పని చేయించుకుంటున్న రోజుల్లో నారాయణ్ మేఘాజీ లోఖండే కార్మికులను కూడగట్టి కొన్నేళ్లు పోరాడితే 1890లో వారాంతపు సెలవు దక్కింది. ఆదివారం ఖండోబా దేవుడి రోజు కూడా అన్నది ఆయన వాదనల్లో ఒకటని చెబుతారు. అంటే చర్చి గంట మోగించి తెచ్చిన రోజుకే మిల్లు గేటు దగ్గర ఖండోబా పసుపు రాశారన్నమాట. ఈ సంగతి చెప్పినప్పుడు మా సూపరింటెండెంటు గారు కాసేపు ఆలోచించి, "బుధవారం అడగాల్సింది. పండుగలు బుధవారం తక్కువ వస్తాయి" అన్నారు. లెక్క తప్పే గానీ ఆవేదన నిజం.

ఇక ఐచ్ఛిక సెలవుల దగ్గరికి వద్దాం. మన రాజ్యాంగ పీఠికను అందరూ పొగుడుతారు, పొగడాల్సిందే. నా మటుకు నాకు లౌకికవాదాన్ని అంతకన్నా సూటిగా చెప్పిన వాక్యం మా రాష్ట్ర సెలవుల జీవోలో ఉంది: ఉద్యోగులు జాబితాలోని పండుగల్లో ఏడాదికి అయిదుకు మించకుండా, అవి ఏ మతానికి చెందినవన్న దానితో నిమిత్తం లేకుండా వాడుకోవచ్చు. ఏ మతానికి చెందినవన్న దానితో నిమిత్తం లేకుండా! ఎన్ని శతాబ్దాలుగా ఎందరు సాధుసంతులు గొంతు చించుకొని చెప్పినా ఎక్కని మాట, సాధారణ పరిపాలన శాఖ ఒక్క వాక్యంలో ఎక్కించింది.

ఆ జాబితా చదువుతుంటే చేతులు వాటంతట అవే జోడించుకుంటాయి. కనుమ, షబే మేరాజ్, బసవ జయంతి, రథయాత్ర, హజ్రత్ అలీ జయంతి, తమిళ ఉగాది, వరలక్ష్మీ వ్రతం, పార్శీ కొత్త సంవత్సరం. మా సెక్షన్‌లో ఒకాయన వీలైనప్పుడల్లా పార్శీ కొత్త సంవత్సరానికి సెలవు పెడతారు. పంద్రాగస్టు చుట్టుపక్కలే వస్తుంది కనుక కలిసొస్తే వరసగా మూడు రోజులు. ఆయన తన జీవితంలో ఒక్క పార్శీని కూడా కలవలేదు. అడిగితే, "జొరాస్త్ర మతం పట్ల నాకు మొదటి నుంచీ గౌరవం ఉంది" అన్నారు. ఎప్పటి నుంచి అంటే, చాలా ఏళ్ల క్రితం అది శుక్రవారం వచ్చినప్పటి నుంచి.

ఈ జాబితాలోనే బుద్ధ పూర్ణిమ కూడా ఉంది. ఢిల్లీ వారి జాబితాలో బుద్ధుడు తప్పనిసరి, హైదరాబాదు వారి జాబితాలో ఐచ్ఛికం. హుస్సేన్‌సాగర్ నడుమ ఏకశిలా విగ్రహంగా నిలబడ్డ ఆయన, కనుచూపు మేరలో ఉన్న సచివాలయం తనను ఐచ్ఛికం చేసినా చిరునవ్వు చెదరనివ్వలేదు. కోరికలే దుఃఖానికి మూలమని ఊరికే అనలేదు కదా.

పండుగలను ఇంత శ్రద్ధగా లెక్కపెట్టే మేము వాటి గురించి ఎంత తెలుసుకున్నామో కూడా చెప్పాలి, నిజాయితీ కోసం. గుడ్ ఫ్రైడే ముందు రోజు సాయంత్రం మా క్రైస్తవ సహోద్యోగి బల్ల దగ్గరికి వరసగా వెళ్లి చేయి కలిపి, "హ్యాపీ గుడ్ ఫ్రైడే" చెబుతాం. ఏసును శిలువ వేసిన రోజది. ఆయన ఏళ్ల తరబడి "థ్యాంక్స్" అంటూనే ఉన్నారు. మొహర్రం రోజున మా వాట్సాప్ గ్రూపులో పువ్వులు, దీపాలు, శుభాకాంక్షలు. కర్బలాలో ఇమాం హుసేన్ ప్రాణాలు వదిలిన రోజది. మా తాతగారి ఊళ్లో దాన్ని పీర్ల పండుగ అనేవాళ్లు. పీరును మోసే చేతుల్లో సగం చేతులకు కాశీ తాళ్లు ఉండేవి, గుండం చుట్టూ తిరిగేవాళ్లలో ఎవరు ఎవరో విడదీయడం కష్టం. ఆ ఊరికి జీవో అందేది కాదు, సెలవు సంగతి ఎవరికీ తెలియదు. అయినా అది ఏడవాల్సిన పండుగ అని మాత్రం అందరికీ తెలుసు. మాకు జీవో నంబరు తెలుసు.

అన్నిటికన్నా ఉత్కంఠ నెలవంకది. రంజాన్ నెల ఇరవై తొమ్మిదో రోజు సాయంత్రం మా సెక్షన్‌లో ఫైలు కదలదు. నెల పొడవునా "సహరీ ఎన్ని గంటలకు?" అని ఒక్కసారైనా అడగని మేము, ఆ సాయంత్రం మా ముస్లిం సహోద్యోగికి ఫోను మీద ఫోను చేస్తాం. "భాయ్, చంద్రుడు కనిపించాడా?" ఒకసారి ఆయన విసుగు దాచుకొని, "కనిపిస్తే ముందు మీకే చెబుతాడు సార్, నాకన్నా మీకే తొందర" అన్నారు. మేము దాన్ని ప్రశంసగా తీసుకున్నాం.

చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 రోజులే కనుక రంజాన్ ఏటా పదకొండు రోజుల చొప్పున ముందుకు జరుగుతూ, దాదాపు ముప్పై మూడేళ్లలో రుతువులన్నీ చుట్టి వస్తుంది. సరిగ్గా ఒక ప్రభుత్వ ఉద్యోగి సర్వీసు కాలం. దీన్ని యాదృచ్ఛికమని మా సూపరింటెండెంటు గారు ఒప్పుకోరు. 2000లో జనవరిలో ఒక రంజాన్ పండుగ, డిసెంబరులో మరొకటి, ఒకే క్యాలెండరులో రెండు వచ్చాయి. అప్పుడు తాను జూనియర్ అసిస్టెంటునని ఆయన చెప్పేటప్పుడు వినాలి, రాయల కాలంలో అంగట్లో రత్నాలు రాశులు పోసి అమ్మడం కళ్లారా చూసినవాడి గొంతు అది. మళ్లీ 2033లో అలా వస్తుంది. అప్పటికి ఆయన రిటైరై ఉంటారు. రిటైరైన మనిషికి రెండు రంజాన్లు వస్తే ఎంత, రాకపోతే ఎంత?

2023 సెప్టెంబరు 28న హైదరాబాదులో గణేశ నిమజ్జనం, మిలాదున్నబీ ఒకే రోజు వచ్చాయి. ముస్లిం పెద్దలు ఆలోచించి తమ ఊరేగింపును అక్టోబరు 1కి వాయిదా వేసుకున్నారు. నగరమంతా మెచ్చుకుంది. మా సూపరింటెండెంటు గారూ మెచ్చుకున్నారు, తర్వాత క్యాలెండరు చూశారు. "పెద్ద మనసు చేసుకున్నారు, కాదనను. కానీ వెళ్లి వెళ్లి ఆదివారానికా జరపడం?"

2025 అక్టోబరు 2 మాత్రం మా అందరినీ ఏకకాలంలో తాత్వికులను చేసింది. గాంధీ జయంతి, విజయదశమి ఒకే రోజు. తెలంగాణలో దసరా అంటే పాలపిట్ట, జమ్మి ఆకు, ఆ తర్వాత ముక్క, చుక్క. గాంధీ జయంతి అంటే కబేళాలు మూత, మద్యం దుకాణాలు మూత. చెడు మీద మంచి విజయం సాధించిన రోజున రెండు మంచిలు ఎదురుపడితే ఏది గెలవాలో పురాణాల్లో ఎక్కడా లేదు. జనం తమకు తోచిన పరిష్కారం తాము వెతుక్కున్నారు: అక్టోబరు 1 సాయంత్రం చేతిలో సంచులతో వరసలు కట్టారు. మహాత్ముడి మీద గౌరవంతో ఒక రోజు ముందే అన్నమాట. ఆయన పేరు మీద ఇంత ముందుచూపు చూపిన సందర్భం మరొకటి నాకు తెలియదు.

ఈ గందరగోళాన్ని సరిదిద్దడానికి ప్రయత్నాలు జరగకపోలేదు. మేఘనాథ్ సాహా అంతటి శాస్త్రవేత్త అధ్యక్షతన 1952లో పంచాంగ సంస్కరణ సంఘం వేశారు. దేశంలో ముప్పై రకాల పంచాంగాలు వాడుకలో ఉన్నాయని తేలింది. అన్నింటికీ బదులుగా 1957 మార్చి 22న జాతీయ శక పంచాంగం వచ్చింది. దాంతో ముప్పై ఒకటి అయ్యాయి.

ఆరో వేతన సంఘం మరీ సాహసించింది. మూడు జాతీయ సెలవులకే ఆఫీసులు మూసి, మిగతావన్నీ ఎత్తేసి, ఎవరికి కావలసిన పండుగ వాళ్లు ఎంచుకునేలా ఐచ్ఛిక సెలవులను రెండు నుంచి ఎనిమిదికి పెంచమంది. తర్కం చూస్తే తిరుగులేదు: నీ పండుగకు నువ్వు ఇంట్లో ఉండు, నా పండుగకు నేను ఉంటాను. ప్రభుత్వం జీతాల పెంపు వరకు తీసుకొని ఈ సిఫారసును పక్కన పెట్టింది. పెట్టక ఏం చేస్తుంది? నీ పండుగకు నేను కూడా ఇంట్లో ఉండటమే కదా ఈ దేశాన్ని కలిపి ఉంచుతున్న దారం.

మొన్న డిసెంబరులో 2026 క్యాలెండరు వచ్చింది. ఇద్దరం గోడకు ఆనించి పట్టుకున్నాం. వేలు కదిలింది. ఫిబ్రవరి 15 దగ్గర ఆగింది. "శివరాత్రి పోయింది." మళ్లీ కదిలి కదిలి నవంబరు 8 దగ్గర ఆగింది. సూపరింటెండెంటు గారు కళ్లజోడు తీసి తుడుచుకొని మళ్లీ చూశారు. "దీపావళి కూడా."

తలలు దించుకున్నాం. సరిగ్గా అప్పుడే గేటు పక్కన టీ బండి నడిపే అతను గ్లాసులు పట్టుకొని లోపలికి వచ్చాడు. ఆఫీసు తెరిచి ఉంటేనే అతని బండికి బేరం. మా ముఖాలు చూసి, క్యాలెండరు వైపు చూసి, ఎవరైనా పోయారా అన్నట్టు గొంతు తగ్గించి అడిగాడు.

"దీపావళి ఆదివారం వచ్చిందయ్యా" అన్నారు సూపరింటెండెంటు గారు.

అతను గ్లాసులు బల్ల మీద పెట్టి గబగబా దగ్గరికొచ్చాడు. "నిజంగానా సార్? ఇంకేమేం వచ్చాయో కాస్త చూసి చెబుతారా?"